శుక్రవారం చూడని ఫ్యాక్టరీ

మూతపడిన ఫ్యాక్టరీలను మళ్ళీ ఏదో ఒక పనికి వచ్చేలా చెయ్యడం నా ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు అదే చేశాను. మా బంధువుల్లో చాలామంది నేను పాత ఇనుము వ్యాపారం చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నారు. ఒకాయన ఏదో పెళ్ళిలో నన్ను పక్కకు పిలిచి, తన దగ్గరున్న పాడైన మోటారుకు ఏమాత్రం వస్తుందో కనుక్కున్నాడు. తోచింది చెప్పాను. ఆయన సంతోషించాడు.

ఈమధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీర్లు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఇంటికి వచ్చారు. ఈ పనిలో ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఏమిటని అడిగారు. టీ ఇచ్చి, గంటసేపు మాట్లాడి పంపించాను. వాళ్ళు వెళ్ళాక ఆలోచిస్తే నేను చెప్పినవన్నీ వాళ్ళ సిలబస్‌లో ఉన్నవే. సిలబస్‌లో లేనిది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసు ఎత్తను. వచ్చినవి రెండు, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

పని

కొత్త భవనం కట్టేవాళ్ళకు ఖాళీ స్థలం ఇస్తారు. ఖాళీ స్థలం ఎదురు మాట్లాడదు. మనకు ఇచ్చేది అప్పటికే ఒక జీవితం అయిపోయిన భవనం. అందులో పాములుంటాయి, గబ్బిలాలుంటాయి, పాత యజమాని అన్నదమ్ముల కోర్టు కేసు ఉంటుంది. కప్పును మోసే ఇనుప చట్రాల్లో ఏది తుప్పు పట్టింది, ఏది పట్టినట్టు కనిపిస్తోంది, ఏ స్తంభం బరువు మోస్తోంది, ఏది ఊరికే నిలబడింది, ఇవన్నీ చూడాలి. గోడను కర్రతో కొట్టి వినాలి. బట్టలు పాడవుతాయి. ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మూతపడిన ఫ్యాక్టరీల్లో బాత్రూములు కూడా మూతపడే ఉంటాయి. దీని గురించి ఏ కాలేజీలోనూ చెప్పరు.

విశాఖలో మా కన్సల్టెన్సీ నడిపిన ఆయన్ని మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన నాకు రెండు విషయాలు నేర్పాడు. ఒకటి, టేపు తీసే ముందు ఆ భవనంలో గంటసేపు ఊరికే కూర్చోవాలి. ఆయన మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి తను కాఫీకి వెళ్ళేవాడు. రెండోది, రిపోర్టులో విశేషణాలు ఉండకూడదు. "అందమైన పాత తలుపు" అని రాస్తే "అందమైన" కొట్టేసేవాడు. "పాత" మీద కూడా కాసేపు పెన్ను ఆపి ఆలోచించేవాడు.

నా మొదటి సొంత పని విజయనగరం వైపు ఒక జనపనార మిల్లు. మగ్గాలు తీసేసిన పెద్ద హాలును కల్యాణమండపం చెయ్యాలి. గోడలు నిలబెట్టాను, కప్పు నిలబెట్టాను, నేల కూడా చెడకుండా చూశాను. మొదటి పెళ్ళిలో పురోహితుడు మంత్రం ఒకసారి చదివితే హాలు మూడుసార్లు చదివింది. ఆయన ఆగి, హాలు పూర్తి చేసేదాకా వేచి, తరువాతి మంత్రం ఎత్తుకునేవాడు. ముహూర్తం దాటిపోయింది. పెళ్ళికూతురి మేనమామ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మీరేనా అమ్మా దీన్ని బాగుచేసింది?" అని చాలా మర్యాదగా అడిగాడు. మగ్గాలు తిరిగినంతకాలం ఆ హాలులో ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. మాట వినిపించాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదని నాకు తట్టలేదు.

అప్పటినుంచి ప్రతి భవనం గురించీ ఒకే ప్రశ్న వేసుకునేదాన్ని. ఇక్కడ ఇంతకుముందు ఏం జరిగేది? ఆ ప్రశ్న సరిపోతుందనే చాలా ఏళ్ళు నమ్మాను.

మూడు తనిఖీలు

అరకులో సంత మైదానం అంచున ఒక కాఫీ ఫ్యాక్టరీ ఉండేది. కొండల మీద నుంచి వచ్చిన గింజలకు పొట్టు తీసి, గ్రేడు చేసి, లారీలకు ఎక్కించేవారు. కంపెనీ ఎత్తేసి ఇరవై ఏళ్ళు దాటింది. దాన్ని ఒక కొత్త సంస్థ తీసుకుని, లోపల చేతిపనుల దుకాణాలు, కాఫీ హోటలు పెట్టాలనుకుంది. విశాఖ రైలు అద్దాల బోగీలో వచ్చే టూరిస్టులు దిగి, నడిచి, కొనుక్కుని, ఫోటోలు తీసుకుని మళ్ళీ ఎక్కాలి. నేను భవనాన్ని పరిశీలించి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో రాయాలి.

మంచి భవనం. ఉత్తరం వైపు కప్పులో అద్దాల కిటికీలు. గింజలు ఏరే ఆడవాళ్ళ మీద ఎండ పడకుండా వెలుతురు మాత్రం పడేలా ఎవరో బుద్ధిమంతుడు కట్టాడు. దాన్ని చూసి నిజంగా ముచ్చటపడ్డాను. రిపోర్టులో ముచ్చటకు చోటు లేదు కాబట్టి "కిటికీలు ఉంచాలి" అని రాశాను.

మూడుసార్లు వెళ్ళాను. మంగళవారం, బుధవారం, మళ్ళీ మంగళవారం. శుక్రవారం అరకు సంత. ఆ రోజు వద్దని మా డ్రైవరు అప్పలరాజు ముందే చెప్పేశాడు.

"శుక్రారం ఒద్దు మేడమ్. బండి ఎట్టడానికి సోటుండదు. గేదెలు, మేకలు, ఆటోలు. ఘాటీ దిగీసరికి పొద్దోయిపోద్ది."

సాంకేతికంగా చాలా సరైన కారణంలాగే అనిపించింది.

తూర్పు వైపు, కొండ బాట వచ్చి కలిసేచోట, లారీలకు సరుకు ఎక్కించే రాతి అరుగు ఒకటి ఉంది. ఇరవై అడుగుల పొడవు, లారీ నిలిచే వైపు నాలుగడుగుల ఎత్తు. నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "లారీ అరుగు. రాతి కట్టడం. పై అంచులు నున్నగా అరిగాయి. చుట్టూ అడ్డాకులు, తాడు ముక్కలు, చుట్ట పీకలు. చెత్త." లారీ తగిలితే రాయి పెచ్చు ఊడుతుంది. నున్నబడదు. ఇది నాకు బాగా తెలుసు. పైగా ఇరవై ఏళ్ళుగా అక్కడికి లారీ రాలేదు. చుట్ట పీకలేమో తాజావి. అన్నీ నా చేత్తోనే రాసుకున్నాను. వాటి అర్థం ఏమిటో మాత్రం ఆలోచించలేదు.

రిపోర్టులో "భవనం, ఆవరణ వాడుకలో లేవు" అని రాశాను. అందులో విశేషణం లేదు. పెద్దాయన సంతకం పెట్టేశాడు.

ఆ వాక్యం మీద ఆధారపడి చుట్టూ కంచె వేశారు. అరుగు కొట్టేసి, దాని స్థానంలో చక్రాల కుర్చీలకు, పిల్లల బండ్లకు వీలుగా ఏటవాలు దారి కట్టారు. డ్రాయింగు నాదే. చక్కటి డ్రాయింగు.

మర్యాద

లోపల నేల కాంక్రీటు పోసే పని ఒక శుక్రవారం పడింది. కాంట్రాక్టరు వాయిదా వెయ్యనన్నాడు. బండిని స్టేషను దగ్గర వదిలేసి నేనూ అప్పలరాజూ నడిచి వెళ్ళాం.

కొండ బాట మొదట్లో అయిదారుగురు వ్యాపారులు తూకం కాటాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. పై ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు తలమీద తట్టలతో దిగుతున్నారు. అల్లం, పసుపు, రాజ్మా గింజలు. ఒక్కొక్కరు రాగానే ఒక వ్యాపారి ముందుకెళ్ళి, "దించుతానుండప్పా" అని రెండు చేతులా తట్ట పట్టుకుని కిందికి దించుతున్నాడు. మా వైపు బస్టాండుల్లో ఇంత మర్యాద చూడలేదనుకున్నాను. కాసేపు నిలబడి మెచ్చుకున్నాను కూడా.

నేను కట్టించిన ఏటవాలు దారి పక్కన ఒక ముసలామె నిలబడి ఉంది. బక్కగా, పొట్టిగా, ముక్కుకు మూడు పుడకలతో ఉంది. తలమీద తట్ట నిండా రాజ్మా. ఒక వ్యాపారి దించుతానన్నాడు. వద్దంది. ఇంకొకడు వచ్చాడు. వద్దంది. కదలకుండా అలాగే నిలబడింది. మెడ నరాలు వణుకుతున్నాయి. చూడలేకపోయాను. నేనొక వైపు, అప్పలరాజు ఇంకో వైపు పట్టుకుని తట్ట దించేశాం.

వ్యాపారులందరూ ఒక్కసారి వెనక్కి తగ్గారు. ముసలామె నా వైపు చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు.

"ఎంతకిత్తారో సెప్పండి మేడమ్," అన్నాడు ఒక వ్యాపారి నవ్వుతూ.

"నేను కొనడానికి రాలేదు."

"దించింది మీరే కదేటి. దించినోలదే బేరం. ఇక మేవెవులూ అడగం."

నేను ముసలామె వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా, ఎంత?"

"దించినోలే సెప్పాల," అంది.

అప్పుడు అర్థమైంది. అక్కడి వాడుక అది. తలమీది తట్ట ఎవరు దించితే ధర వాళ్ళు చెబుతారు. దించిన చెయ్యి ఎంతంటే అంతే. అందుకే వ్యాపారులకు అంత మర్యాద. నాకు అక్కడి ధర తెలియదు. విశాఖలో మా వీధి చివరి కొట్టువాడు చెప్పే ధర చెప్పాను. వ్యాపారులు తలలు పట్టుకున్నారు. తట్టెడు రాజ్మా నాదైంది. ఆ తరువాత నెలరోజులు మా ఆఫీసులో అందరూ రాజ్మా తిన్నారు. పెద్దాయనకు పడలేదు.

ఆమె పేరు సమర్ది. పైన, బాట చివర ఊరు. గింజలు మా సంచుల్లో పోసేటప్పుడు తనంతట తనే చెప్పింది.

"ముందు ఈడ అరుగుండీది. ఎనక్కి తిరిగి, మోకాళ్ళొంచి, తట్ట అరుగు మీదికి జార్సీవోళ్ళం. ఎవులూ దించక్కర్లేదు. రేటు బాగునేదనుకో, మల్లీ మేవే నెత్తికెత్తుకుని ఇంకోడి కాడికి ఎల్లీవోళ్ళం. ఇప్పుడు నేలమీద ఎట్టీసినాక మల్లీ ఎత్తుకోలేను కదా. ఆడేటిస్తే అదే."

"మీలో మీరు ఒకరికొకరు దించుకోకూడదా?"

"నా నెత్తినా బరువే, దాని నెత్తినా బరువే. ముందు ఎవులు దించుతారు?" అంది. చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. తరువాత అడిగింది. "ఎవులు కొట్టీసినారమ్మా ఆ అరుగు?"

"ఎవరో ఆఫీసువాళ్ళు," అన్నాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో కొన్ని తప్పు లెక్కలు వేశాను. వాటిని తలుచుకుంటే సిగ్గు వెయ్యదు. ఈ మాటకు ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

బెంచీలు

పాత భవనం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. తాళం చెవి ఉన్నవాళ్ళు మాత్రమే దాన్ని ఖాళీ అంటారు. ఫ్యాక్టరీ నడిచినప్పుడు అక్కడ ఏం జరిగేదో నేను చక్కగా కనుక్కున్నాను. అది మూతపడ్డాక ఏం జరిగిందని అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ కొండ మీది ఆడవాళ్ళు ఆ అరుగు మీదే సొంతంగా బేరం చేసుకుంటున్నారు. ఎవరి అనుమతీ అడగలేదు, అడగాలని వాళ్ళకు తోచలేదు. రాళ్ళ అంచులు నున్నబడింది వాళ్ళ తట్టలు జారి జారి.

ఇదంతా తెలిశాక నేను చేసిన మొదటి పని ధైర్యంతో కూడినది కాదు. నా తప్పు ఒప్పుకోకుండా దిద్దుకునే దారి వెతికాను. "సందర్శకుల సౌకర్యం కోసం" అని చెప్పి కంచె బయట రాతి బెంచీలు మంజూరు చేయించాను. బెంచీకి బెంచీ ఎత్తే ఉంటుంది, అడుగున్నర. సంత చూడ్డానికి వచ్చిన టూరిస్టులు వాటి మీద కూర్చుని ఫోటోలు దిగారు. సమర్ది ఒక బెంచీ పక్కన నిలబడి, తట్ట తలమీద ఉండగానే దాన్ని పరీక్షగా చూసింది.

"ఇది కూకోడానికమ్మా," అంది. "నాను కూకోడానికి రానేదు."

ఆ రోజు ఆమె తట్ట ఒక వ్యాపారి దించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. వాడు చెప్పిన ధరకే ఆమె ఇచ్చేసింది. గింజలు పోసేసి, ఖాళీ తట్ట బోర్లించి దులిపింది.

"ఆపైన శుక్రారం నుండి రాను," అంది. "షావుకారు కొండకాడికే వత్తానన్నాడు. ఆడికే ఇచ్చేత్తాను. ఎవులో ఒకలు దించీదానికి ఇంత దూరం మొయ్యడమెందుకు?"

ఘాటీ దిగుతున్నంతసేపూ ఆ మాటే తిరిగింది. ఇంటికొచ్చిన షావుకారుకు పోటీ ఉండదు. ఒకసారి అలవాటైతే ఆమె ఇక సంతకు రాదు. ఆమె వెనకాల ఆ ఊరు మొత్తం రాదు. ప్రారంభోత్సవానికి ఇంకా కొన్ని వారాలే ఉంది. రిబ్బను కత్తిరించాక ఏ భవనంలోనూ ఒక్క రాయి కదపనివ్వరు, అది నా అనుభవం.

ఉత్తరం

పెద్దాయనతో చెప్పాను. మొత్తం విన్నాడు.

"అదనపు అవసరం తలెత్తినది అని రాయమ్మా," అన్నాడు. "ఎవరికీ నష్టం లేదు. వాళ్ళిష్టమైతే కడతారు, లేకపోతే లేదు."

"లేకపోతే లేదు అనకూడదండీ. అవసరం ఇప్పుడు తలెత్తలేదు. ఇరవై ఏళ్ళుగా ఉంది. నేను చూడలేదు."

"అలా రాస్తే తరువాతి పని మనకివ్వరు."

"తెలుసండీ."

సంస్థకు అయిదు వాక్యాల ఉత్తరం రాశాను. నేను మూడుసార్లు తనిఖీ చేశాను. మూడూ సంత లేని రోజులు. భవనం తూర్పు అరుగు వాడుకలో ఉండేది. వాడుకలో లేదని నేను రాసింది తప్పు. దాన్ని తిరిగి కట్టాలి.

ఆయన రెండుసార్లు చదివాడు. పెన్ను తీశాడు. ఏది కొట్టేస్తాడో అని చూస్తున్నాను. ఏదీ కొట్టెయ్యలేదు, నా సంతకం పక్కన తనదీ పెట్టాడు. ఆయన అనుకున్నట్టే తరువాతి పని మాకు రాలేదు, ఆ తరువాతిదీ రాలేదు. దాని గురించి నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఆయన తాగిన కాఫీలన్నీ ఆ ఒక్క సంతకంతో క్షమించేశాను.

సంస్థవాళ్ళు ముందు మొహం చిట్లించారు. తరువాత ఏటవాలు దారి అలాగే ఉంచి, దాని పక్కన కంచె బయట అరుగు కట్టుకోమన్నారు. చక్రాల కుర్చీకి దారి కావాలి, తట్టకు అరుగు కావాలి. రెండింటికీ చోటు ఉంది. మొదటి డ్రాయింగులోనే ఉండేది.

కట్టే రోజున సమర్దికి కబురు పెట్టాను. బరువైన తట్టతో గోడ పక్కన నిలబడమన్నాను. మేస్త్రీ సుద్దతో గీత గీశాడు. ఆమె వెనక్కి తిరిగి, మోకాళ్ళు వంచి, తల ఊపింది.

"ఇంకా కిందికి," అంది.

"డ్రాయింగులో నాలుగడుగులుంది మేడమ్," అన్నాడు మేస్త్రీ.

"ఈవిడ డ్రాయింగులో లేదు," అన్నాను.

పాత అరుగుకు బాట వైపు ఏళ్ళ తరబడి మట్టి మేటవేసిందట. ఆమెకు తెలిసిన అరుగు నాలుగడుగులు లేదు. గీత ఒక బెత్తెడు దిగింది. అప్పుడు చెప్పాను.

"అరుగు కొట్టించింది నేనేనమ్మా."

"తెల్సు. మేస్త్రీ ఎప్పుడో సెప్పినాడు," అంది. మేస్త్రీ వైపు తిరిగి, "ఇంకో యేలెడు దించు," అంది.

తరువాత

కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. బండి పెట్టడానికి చోటు దొరకని రోజున వెళ్ళండి. ఏ రాయి ఎందుకు అరిగిందో తెలిసేదాకా రిపోర్టు రాయకండి. "వాడుకలో లేదు" అని రాసేముందు, ఎవరి వాడుకలో అని మిమ్మల్ని మీరు అడగండి. తప్పు రాస్తే, తప్పు రాశానని రాయండి. పని పోతుంది. నాకు పోయింది. ఇంకో పని వచ్చింది, అది వేరే కథ, అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

ప్రారంభోత్సవానికి నన్ను పిలవలేదు. పిలిచినా అది ఆదివారం. దాని తరువాతి శుక్రవారం సెలవు పెట్టి, ఒక గుడ్డసంచీ పట్టుకుని, సొంత టిక్కెట్టుతో బస్సెక్కి వెళ్ళాను.

సమర్ది బాట దిగి వచ్చింది. ఒక వ్యాపారి రెండు చేతులూ చాపి ఎదురెళ్ళాడు. అతన్ని దాటుకుని నడిచింది. అరుగు దగ్గర వెనక్కి తిరిగి, మోకాళ్ళు వంచింది. తట్ట రాతి మీదికి జారింది. ఒక్క గింజ రాలలేదు. మెడ అటూ ఇటూ తిప్పుకుని, తట్ట మీద చెయ్యి వేసి నిలబడింది.

వ్యాపారి ఒక ధర చెప్పాడు.

"ఇవ్వను," అంది.

రెండోవాడు ఇంకొంచెం పెంచాడు. "ఇవ్వను," అంది. ఈ పని మొదలైనప్పటినుంచి ఆ కొండల్లో తిరుగుతూనే ఉన్నాను. "సరే బాబూ", "మీ దయ బాబూ" అనడమే విన్నాను. ఈ మాట ఇంత మామూలుగా అనడం ఎప్పుడూ వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తుడుచుకుని నేనూ వెళ్ళి ధర అడిగాను. చెప్పింది. కొంచెం తగ్గించమన్నాను, అలవాటుకొద్దీ.

నన్ను గుర్తుపట్టింది. నవ్వింది కూడా.

"ఇవ్వను," అంది.

ఖాళీ సంచీతో బస్సెక్కాను. విశాఖ చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.